రెఫరీ కంట్లో చుక్కల మందు

కళ్ళు తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి వెయ్యాల్సి వస్తుందని నర్సు బెదిరించి వెళ్ళింది కాబట్టి మూసుకున్నాడు గానీ, లేకపోతే ముప్పై ఏళ్ళుగా ఒక్క ఈలతో ఇరవై ఇద్దరిని ఎక్కడివాళ్ళనక్కడ నిలబెట్టిన మనిషి, ఇలా కంటి డాక్టరు గారి హాల్లో, ఒక కాలు పొట్టిదై కదిలినప్పుడల్లా టక్కుమనే కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చోవడమేమిటి. మందు మండుతోంది. రెప్పల కింద ఎర్రగా ఏదో కదులుతోంది, ఎరుపు పోయి పసుపు, పసుపు పోయి మళ్ళీ ఎరుపు, జేబులోంచి కార్డులు తీసి తనకి తనే చూపించుకుంటున్నట్టుంది. మూడుసార్లు వెయ్యాలిట, ఇరవై నిమిషాలకోసారి, మొత్తం గంట. గంటంటే తక్కువేం కాదు, సగం ఆట అయిపోయి, విరామంలో నీళ్ళు తాగి, రెండో సగానికి బంతి మధ్యలో పెట్టేంత సేపు. అంతసేపూ కళ్ళు మూసుకోమని ఒక రెఫరీకి చెప్పడమంటే చేపని కాసేపు ఒడ్డున కూర్చోమన్నట్టే. ఆ పోలిక తనకే నచ్చి పక్కనున్న భార్యకి చెబుదామని ఇటు తిరిగాడు, కానీ ఆవిడ కుర్చీలోంచి గాజుల చప్పుడు లేదు, ఊపిరి చప్పుడు లేదు, ఎక్కడికో వెళ్ళింది. పొద్దున్నుంచీ ఆవిడ వాలకం కొంచెం తేడాగానే ఉంది. అడక్కుండానే రెండో కాఫీ ఇచ్చింది. పదకొండు గంటల అపాయింట్‌మెంటే కావాలని డాక్టరు గారి ఆఫీసుతో ఫోన్లో అరగంట పోట్లాడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ దేనికీ వేళ పట్టుబట్టింది లేదు.

కళ్ళ పరీక్ష ఏటా ఉండేదే. రెఫరీల సంఘం కార్డు మళ్ళీ ఇవ్వాలంటే డాక్టరు సంతకం కావాలి. కానీ ఈసారి చొక్కా జేబులో ఇంకో కాగితం ఉంది, నాలుగు మడతలు పెట్టినది, గుండె కొట్టుకున్నప్పుడల్లా అది కూడా కొట్టుకుంటున్నట్టుంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. మన పోటీల్లో రెఫరీ నిర్ణయాలకు కెమెరాల సాయం, తెర సాయం తీసుకోవచ్చా? కింద రెండు గళ్ళు, అవును, కాదు. సంఘంలో ఓటున్నవాళ్ళు తొమ్మిదిమంది, నలుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు, తొమ్మిదో ఓటు ఈ జేబులో ఉంది, ఒంటిగంటకి సంఘం ఆఫీసు తలుపు మూసేలోగా అందాలి. ఇందులో ఆలోచించడానికేముందని అందరి ఉద్దేశం, ఎందుకంటే తెర మాటెత్తితే ఒంటికాలి మీద లేచేది ఈయనే. కన్నున్నవాడికి కెమెరా ఎందుకండీ, అని పోయినసారి సమావేశంలో బల్ల గుద్దితే కార్యదర్శి గారి టీ ఆయన ప్యాంటు మీదే ఒలికింది, ఆయన కాలిపోతూ కూడా చప్పట్లు కొట్టాడు. అంత పేరుంది. అయినా కాగితం నాలుగు రోజులుగా జేబులోనే తిరుగుతోంది. చొక్కా మారినప్పుడల్లా జేబు మారుతోంది, గడి మాత్రం నిండటం లేదు. ఎందుకు నిండటం లేదో అతనికి తెలుసు, తెలిసిన సంగతి తనతో తాను కూడా అనుకోకుండా పద్దెనిమిదేళ్ళుగా నెట్టుకొస్తున్నాడు, కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ అది సులువే, చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది, ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేదు.

ఆదివారం ఒక్కరోజే రెఫరీ. మిగతా ఆరు రోజులూ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో ఇత్తడి గుండ్లు, వాటిని చేత్తో ముట్టుకోకూడదు, చెమట అంటితే బరువు మారిపోతుంది, పటకారుతో ఎత్తాలి. ఆ పెట్టె పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి త్రాసులు తూచి, నిజం చెప్పే త్రాసుకి ముద్ర వేసి, అబద్ధం చెప్పేదాన్ని బండెక్కించి తీసుకుపోవడం అతని ఉద్యోగం. మొన్ననే ఒక మేకుల కొట్టాయన, జుట్టంతా నెరిసిన మనిషి, త్రాసు లేకుండా గుప్పెడు గుప్పెడు తీసి ఇస్తూ దొరికిపోయాడు. నలభై ఏళ్ళ చెయ్యండీ ఇది, తప్పదు, అన్నాడు. రెఫరీకి నవ్వొచ్చింది. చెయ్యి ఎంత పాతదైతే ఏమిటండీ, ఆకలేస్తే ఒక తూకం, అన్నం తిన్నాక ఒక తూకం, నచ్చినవాడొస్తే ఒక తూకం, అందుకే కదా త్రాసు కనిపెట్టింది, అని అరగంట క్లాసు పీకాడు. అదే వారం ఒక సాయంత్రం సమావేశంలో లేచి నిలబడి, ముప్పై ఏళ్ళ కన్నండీ ఇది, తప్పదు, అన్నాడు. అంటున్నప్పుడు ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది, ఎక్కడా అని ఆలోచించి, మేకుల కొట్టు గుర్తొచ్చేసరికి చప్పట్లు మొదలైపోయాయి. చప్పట్లు మొదలయ్యాక ఎవరు మాత్రం మాట వెనక్కి తీసుకుంటారు.

హాల్లో టీవీ నడుస్తోంది. గోడకి ఎక్కడో పైన ఉన్నట్టుంది, మాట పైనుంచి పడుతోంది. ఏదో దేశంలో ఏవో రెండు జట్ల ఆట, నిన్నటిదో మొన్నటిదో, వ్యాఖ్యాత ఊపిరి అందనట్టు మాట్లాడుతున్నాడు. కళ్ళు మూసుకున్నవాళ్ళ గదిలో టీవీ పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ వాడి కాళ్ళకి దండం పెట్టాలి. అయినా అందరూ వింటూనే ఉన్నారు. ఎడమవైపు ఒక పెద్దావిడ, ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వస్తోంది ఆవిడకి, మొదట్లో ఉలిక్కిపడ్డాడు, ఎవరో ఆట ఆపారనుకుని. ఎదురుగా ఒకాయన, గొంతు బట్టి బండ మనిషి, బస్సు నడుపుతాడట, కళ్ళజోడు రాస్తే తన బస్సు రూటు మార్చేస్తారేమో అని భయపడుతూ ఆ భయాన్ని హాలంతటికీ పంచుతున్నాడు. ఫినాయిల్ వాసన, ఎవరిదో తలనూనె వాసన, తడి గొడుగు వాసన. అప్పుడు కుడివైపు, భార్య కుర్చీకి అవతలి కుర్చీ కిర్రుమంది, ఎవరో బరువుగా కూర్చున్నారు, గాజులు చప్పుడయ్యాయి, అంటే భార్య తిరిగొచ్చింది, ఆవిడ వెంట ఇంకొకరెవరో వచ్చారు, వాళ్ళకీ నర్సు అదే బెదిరింపు బెదిరించింది, కళ్ళు తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి అని. ఆ వెనకాలే వాసన వచ్చింది. కాలిన రబ్బరు వాసన.

ఈ ఊళ్ళో రబ్బరు వాసనొచ్చే మనుషులు చాలామంది ఉంటారు, టైర్ల కొట్లు ఇరవై ఉన్నాయి, అందులో పనిచేసేవాళ్ళకి కళ్ళుంటాయి, కళ్ళకి జబ్బులొస్తాయి. కానీ గొంతు సవరించుకునేటప్పుడు రెండుసార్లు చిన్నగా, మూడోసారి పెద్దగా దగ్గేవాడు ఒక్కడే. భార్య తమ్ముడు. సొంత బామ్మర్ది. పద్దెనిమిదేళ్ళుగా ఎదురుపడితే రోడ్డు దాటేసే బామ్మర్ది. లేచిపోదామని కుర్చీ చేతుల మీద చేతులు వేశాడు, కుర్చీ టక్కుమంది, అవతల కుర్చీ కూడా కిర్రుమంది, వాడూ లేవబోతున్నాడన్నమాట, అప్పుడు మధ్యలోంచి ఆవిడ గొంతు వచ్చింది, చిన్నగా, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

"ఇద్దరికీ మందు వేయించాను. గంటసేపు ఎవరూ ఎక్కడికీ పోవడానికి లేదు."

అదీ సంగతి. రెండో కాఫీ అందుకు. పదకొండు గంటల పట్టుదల అందుకు. టైర్ల మీద అంకెలు కనిపించడం లేదని తమ్ముడు ఎప్పుడో అని ఉంటాడు, డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తానంది, వాడు నమ్మి వచ్చాడు. తను కూడా నమ్మే వచ్చాడు. ఇంత పథకం వేసిన మనిషి ఏ జట్టుకైనా కోచ్‌గా వెళ్ళుంటే కప్పు గ్యారంటీ. అక్కా, నేను కావాలని రాలేదని మీ ఆయనకి చెప్పు, అన్నాడు బామ్మర్ది. వాడి పద్ధతే అది, పద్దెనిమిదేళ్ళుగా ప్రతి మాటా అక్క మీదుగానే రావాలి, పక్కనే నిలబడి ఉన్నా సరే. మేనకోడలి పెళ్ళిలో, దీపం ఆరిపోతోందని మీ ఆయనకి చెప్పక్కా అన్నాడు, ఆవిడ చెప్పేలోపు దీపం ఆరింది. ఏటా, వాళ్ళని విడగొట్టిన ఆ ఫైనల్ ఆట తేదీకి పోస్టులో ఒక పొట్లం వస్తుంది, విప్పితే కళ్ళజోడు పెట్టుకునే డబ్బా, ఖాళీది, ఉత్తరం లేదు పేరు లేదు. పద్దెనిమిది డబ్బాలయ్యాయి. బొత్తాలు ఒకదాంట్లో, సూదులు ఒకదాంట్లో, పాత తాళాలు ఒకదాంట్లో పెట్టుకుని ఆవిడ ఇల్లు చక్కగా సర్దుకుంది. తెచ్చి ఇచ్చే పోస్ట్‌మ్యాన్ ఎవరంటే ఆ రోజు ఆటలో గీత పక్కన జెండా పట్టుకుని నిలబడ్డ లైన్స్‌మ్యానే. ఇచ్చి తల వంచుకుని వెళ్ళిపోతాడు, అతనికీ కొంత భాగం ఉంది కదా. మరి అదే బామ్మర్ది, మోకాలికి ఆపరేషన్ అయి తను పది రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఏం చేశాడు. ఒక్కరోజు గదిలోకి రాలేదు. కానీ పదిరోజులూ పొద్దున్నే వరండాలో రబ్బరు వాసన వచ్చేది, ఎలా ఉందిట అని ఎవరో నర్సుని అడిగి వెళ్ళేవారు. ఆ వాసన కోసం పొద్దున్నే మెలకువ తెచ్చుకుని పడుకునేవాడు తను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పటి బామ్మర్ది గోల్‌కీపరు. ఇరవై ఏడేళ్ళు, చేతులు చాపితే గోల్ సగం మూసుకుపోయేది. ఊరి కప్పు ఫైనల్, బావ రెఫరీ, బామ్మర్ది గోలీ, కుదరదని ఎవరైనా అనొచ్చు, అన్నారు కూడా, కానీ ఇంకో రెఫరీకి కామెర్లు, పైగా ఈయన న్యాయం మీద అందరికీ అంత గురి. ఆట చివరికొచ్చింది, ఇంకో రెండు నిమిషాలుంది, గోల్ లేదు ఇటూ అటూ. మూల నుంచి కొట్టిన బంతి గుంపులో పడింది. పొద్దున్నే గీతలకి కొత్త సున్నం పొడి చల్లారు, ఇరవై కాళ్ళు ఒక్కసారి తొక్కేసరికి పొడి లేచింది, ఏ గీతని కళ్ళు పొడుచుకుని చూడాలో ఆ గీతే లేచొచ్చి ముక్కులో దూరింది. తుమ్మాడు. మామూలు తుమ్ము కాదు, మొహం మొహమంతా ఒకచోటికి లాక్కునే తుమ్ము. కళ్ళు తెరిచి తుమ్మగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు, రెఫరీ కూడా మనిషే. తెరిచేసరికి బంతి గోలీ గుండెల మీద ఉంది, గీతకి జానెడు ఇవతల, వాడు నేల మీద, సగం మంది చేతులెత్తి గోల్ అంటున్నారు, సగం మంది చేతులూపి కాదంటున్నారు. జెండా వైపు చూశాడు. లైన్స్‌మ్యాన్ తన వైపే చూస్తున్నాడు, వాళ్ళిద్దరికీ మొదట్నుంచీ ఒక ఒప్పందం, మీరెటంటే నేనటు అని. రెండు వేలమంది ఊపిరి బిగబట్టారు. తేల్చాలి. ఆ క్షణంలో అతను బామ్మర్ది మొహం చూశాడు.

ఆ మొహం అతనికి కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో, అప్పుడు వాడికి పదిహేనేళ్ళు, మామగారు పెట్టిన చేతిగడియారం బల్ల మీద నుంచి మాయమైంది, ఇల్లంతా వెతుకుతుంటే వీడొచ్చి కింది పెదవి లోపలికి మడుచుకుని, ఇంటి పైకప్పు వైపు చూస్తూ, బావా, టైమెంతైంది, అని అడిగాడు. గడియారం నీళ్ళ తొట్టెలో దొరికింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూడలేదు. పేకముక్క మోకాలి కింద దాచినప్పుడు అదే పెదవి, అదే పై చూపు. స్కూటర్ అద్దం విరగ్గొట్టినప్పుడు అదే. తేలు కుట్టిన దొంగ కూడా అంత కచ్చితంగా దొరకడు. ఆ రోజు మైదానంలో, గుంపు మధ్య, బంతి కరుచుకుని పడుకున్న గోలీ కింది పెదవి మడుచుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆకాశంలో ఏమీ లేదు, మబ్బు కూడా లేదు. రెఫరీ ఈల ఊది చెయ్యి మధ్యగీత వైపు చాపాడు. గోల్. జెండా కూడా వెంటనే అటే తిరిగింది. ఆ ఒక్క గోల్‌తో వాడి జట్టుకి కప్పు పోయింది. మీరు చూశారా, అని అడిగారు అందరూ, కెప్టెన్ అడిగాడు, విలేకరి అడిగాడు, మామగారు అడిగారు. మొహం చూసి ఇచ్చానని ఎలా చెబుతాడు. రూల్సు పుస్తకంలో పదిహేడు నియమాలున్నాయి, ఎక్కడా మొహం మాట లేదు. నా రెండు కళ్ళతో చూశాను, అన్నాడు. అబద్ధం ఆడటం అదే మొదలు, అదే చివర, కానీ ఆ ఒక్కటే ఏటికేడూ పెరిగి ఇంత మానైంది. దాన్ని నిలబెట్టడానికే కన్ను గొప్పదని ఉపన్యాసాలు, దాన్ని కాపాడుకోవడానికే కెమెరా మీద కోపం. నిజంగా గీత దాటిందా? తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా తెలియదు. దాటకపోతే తను సొంత బామ్మర్దిని రెండు వేలమంది ముందు ఊరికే దొంగని చేశాడు.

రెండో చుక్కలు పడ్డాయి. చల్లగా పడి మండుతూ జారాయి. బుగ్గ మీదికొచ్చిన నీటిని తుడుచుకుంటుంటే, ఏడవకండి, అంది నర్సు, అలవాటైన హాస్యం. టీవీలో ఒక్కసారిగా హోరు. గోల్ పడింది. బస్సు డ్రైవరు కుర్చీలోనే ఎగిరినట్టున్నాడు, పెద్దావిడ కూడా ఈల ఆపి సంతోషించింది, ఎవరు వేశారో ఏ జట్టో ఎవరికీ తెలియదు, అయినా గోల్ గోలే. అంతలో హోరు తగ్గింది. అక్కడి రెఫరీ చెవి దగ్గర వేలు పెట్టుకున్నాడట, తెర దగ్గరికి వెళ్తున్నాడట, ఆటగాళ్ళు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారట. హాలు రెండుగా చీలిపోయింది. చెయ్యి తగిలింది కాబట్టి గోల్ కాదని ఎవరో, తగిలితే చప్పుడు వేరేగా ఉండేదని పెద్దావిడ, వాదించేవాళ్ళలో ఒక్కరి కళ్ళూ తెరిచి లేవు, అందరికీ గట్టి అభిప్రాయాలున్నాయి. చివరికి కళ్ళు తెరిచి టీవీ దగ్గరున్నది నర్సు ఒక్కర్తే కాబట్టి నువ్వు చూసి చెప్పమ్మా అని ఆమె మీద పడ్డారు. మందు సీసా పట్టుకుని ఆమె టీవీ కింద నిలబడింది. నాలుగు వైపుల నుంచి చూపిస్తున్నారండీ, అంది, ఇటు నుంచి తగిలినట్టుంది, అటు నుంచి తగలనట్టుంది, నెమ్మదిగా చూపిస్తే పాపం అతను ఏ తప్పూ చెయ్యనట్టుంది. మరి ఏం చేస్తారని అడిగితే, ఇంకా చూస్తున్నాడండీ, అంది. ఇంకా చూస్తున్నాడు, ఇంకా చూస్తున్నాడు. ఆఖరికి గోల్ లేదన్నారు. పెద్దావిడకి కోపమొచ్చింది. సంతోషపడ్డాక కాదంటే ఎలా, పడేముందే చెప్పాలి, ఇక నుంచి గోల్ పడితే చప్పట్లు కొట్టడానికి కాగితం రావాలా, అంది. ఆ మాటకి రెఫరీ లోపల లేచి చప్పట్లు కొట్టాడు. ఇదే తను ఏళ్ళ తరబడి చెప్పింది, ఇంత చక్కగా ఎప్పుడూ చెప్పలేకపోయాడు. కుడివైపు నుంచి, చూశావా అక్కా, తెర ఉంటే తేలుతుంది, అన్నాడు బామ్మర్ది, కొంచెం గట్టిగా. దానికి జవాబుగా రెఫరీ గొంతు సవరించుకుంటుంటే బస్సు డ్రైవరు మధ్యలో దూరాడు. నాకు నచ్చింది గోల్ కాదండీ, ఆ రెఫరీ, అన్నాడు. తెర దగ్గరికి నడిచాడంటే ఏమిటి అర్థం? నేను సరిగ్గా చూడలేదు అని అంతమంది ముందు ఒప్పుకోవడమే కదా. మా డిపోలో ఒక్కడు అంటాడా ఆ మాట, అద్దంలో చూసుకోలేదని ఒక్కడు ఒప్పుకుంటాడా. చూడకపోతే చూడలేదంటే పోయేదేముందండీ.

పోయేదేముంది. రెఫరీ లెక్క వేసుకోబోయాడు, పేరు పోతుంది, మాట పోతుంది, బల్ల గుద్దిన చెయ్యి పరువు పోతుంది. ఇవన్నీ ఉండి పద్దెనిమిదేళ్ళలో పోయిందేమిటో అది కుడివైపు కుర్చీలో కూర్చుని మూడుసార్లు దగ్గింది. మధ్యలో ఆవిడ ఉంది, ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది, వినడానికి. అతను నిండా గాలి పీల్చాడు. ఫైనల్లో ఈల ఊదడానికి కూడా ఇంత గాలి అవసరం కాలేదు. ఇప్పుడు చెప్పకపోతే మూడో చుక్క పడుతుంది, కళ్ళు తెరుస్తారు, కళ్ళు తెరిచాక ఈ మాట తన నోట రాదు, వాడి మొహం చూస్తూ తను చెప్పలేడు.

"ఒరేయ్," అన్నాడు, అక్క మీదుగా కాకుండా, నేరుగా. "ఆ రోజు నేను చూళ్ళేదురా. తుమ్మాను."

పెద్దావిడ ఈల ఆగింది. రెఫరీ అన్నిటికీ సిద్ధపడ్డాడు, తిట్టుకి, దెబ్బకి, లేచిపోయే అడుగుల చప్పుడుకి.

"తెలుసు," అన్నాడు బామ్మర్ది.

"ఏం తెలుసు?"

"నువ్వు తుమ్మావని. ఆ తుమ్ము చూసే కదా బావా, లోపలున్న బంతిని ఇవతలికి లాక్కున్నాను."

లోపలుంది. లోపలే ఉంది. బంతి గీత దాటింది. రెఫరీకి కుర్చీ కింద నేల గట్టిపడింది, పద్దెనిమిదేళ్ళ బరువు ఎవరో పటకారుతో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. తను తప్పు చెయ్యలేదు. చూడకుండానే ఒప్పు చేశాడు. లేచి హాలంతా పరుగెత్తాలనిపించింది, బస్సు డ్రైవర్ని కౌగిలించుకోవాలనిపించింది, ఈ దొంగవెధవ పద్దెనిమిదేళ్ళుగా తనకి ఖాళీ డబ్బాలు పంపుతున్నాడు, తప్పంతా వాడిదే పెట్టుకుని ఎంత పొగరు, ఎంత పొగరు. నవ్వొచ్చింది, ఆపుకుంటే ముక్కులోంచి వచ్చింది.

"మరి నువ్వు చూడకపోతే గోల్ ఎలా ఇచ్చావు?" అన్నాడు బామ్మర్ది. "అదొక్కటే ఇన్నాళ్ళూ అర్థం కాలేదు నాకు."

"నీ మొహం చూసి."

అటు కుర్చీ కిర్రుమంది.

"అంటే మొహం చూసి దొంగనన్నావు."

"దొంగవే కదరా."

"దొంగనే. కాదనను. కానీ అది నీకు చూస్తే తెలియాలి బావా. చూడకుండా తెలియకూడదు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, దానికి ఎలా జవాబు చెప్పాలో తెలుసు. మెల్లగా చెప్పుకుపోతున్నాడు, చీకట్లో పడుకున్న మనిషి మాట్లాడినట్టు. రెండు వేలమందిలో ఒక్కడికీ తెలియదు, ముందున్న ఆటగాళ్ళకే తెలియదు, సందేహం ఉంటే గోల్ ఇవ్వకూడదని పుస్తకంలో ఉంది కదా, ముక్కూమొహం తెలియని రెఫరీ అయితే ఇచ్చేవాడు కాదు, ఎవడో పరాయివాడు నన్ను నమ్మేవాడు, మా బావ నమ్మలేదు. కెమెరా చెప్పి ఉంటే కెమెరాని తిట్టుకుని సాయంత్రానికి మీ ఇంటికొచ్చి భోంచేసేవాణ్ణి. ఒప్పు చేశాననుకుని అరనిమిషం ఎగిరిన మనసు వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. త్రాసు ఎందుకు కనిపెట్టారో మేకుల కొట్టాయనకి అరగంట చెప్పాడు తను. చెయ్యి తప్పుతుందని మాత్రమే చెప్పాడు. తప్పని చెయ్యితో కూడా ఇంకో చిక్కుందని, ఆ చెయ్యి ఎదుటివాణ్ణి ఎరుగుననుకుంటుందని, తూచకముందే వాడి బరువు తేల్చేస్తుందని చెప్పలేదు, అది అతనికి ఇప్పుడే తెలిసింది. నీళ్ళ తొట్టెలో గడియారం వేసినప్పుడు వీడికి పదిహేనేళ్ళు. ఇరవై ఏడేళ్ళప్పుడు కూడా తను ఆ పదిహేనేళ్ళవాణ్ణే చూశాడు. సిగ్గేసింది. తన ఒప్పుకి తనకే సిగ్గేసింది, ఇలాంటిది కూడా ఉంటుందని అతనెప్పుడూ అనుకోలేదు.

జేబులోంచి కాగితం తీసి భార్య వైపు చాపాడు. అవును గడిలో పెట్టు, అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. మీ ఓటు మీరే వేసుకోండి, తర్వాత నా మీద పెడతారు, అంది. సంచిలోంచి పెన్ను తీసి అతని వేళ్ళ మధ్య పెట్టి, కాగితం ఒళ్ళో పరిచి, వేలు పట్టుకుని ఒకచోట ఆనించింది. ఇదేనా అవును, అని అడిగాడు. ఇదే, అంది. ముప్పై ఏళ్ళ కన్ను రెప్పల కింద మూసుకునే ఉంది. సంతకం కూడా అలాగే పెట్టాడు, అది ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో దేవుడికి తెలియాలి. సంతకం కాదిది, కోడి నడిచినట్టుంది, అంది ఆవిడ, అని ముక్కు ఎగబీల్చింది, జలుబు చేసినట్టు.

మూడో చుక్కలు పడ్డాయి. ఇంకో ఇరవై నిమిషాలు. ఎదురుగా బస్సు డ్రైవరు ఒకసారి, క్షమించాలి, మీరు ఆ ఫైనల్ రెఫరీ గారేనా, అని అడిగి, భార్య గారు ష్ అనడంతో ఊరుకున్నాడు. చివరికి నర్సు వచ్చి, ఇక తెరవొచ్చు, అంది. తెరిచాడు. లోకమంతా వెలుతురు. గోడలు లేవు, అంచులు లేవు, దగ్గరగా ఉన్నదేదీ కుదురుగా లేదు. కుడివైపు తిరిగాడు. భార్య రంగుల ముద్ద, ఆ పక్కన ఇంకో ముద్ద, బట్టతల కాబోలు పైన మెరుస్తోంది, ఎప్పుడు బట్టతల వచ్చింది వీడికి. దాని కింద మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు మరక ఒకటి ఉంది. పెదవి మడుచుకుని ఉన్నాడో లేదో తెలియదు. పైకి చూస్తున్నాడో తన వైపే చూస్తున్నాడో తెలియదు. కళ్ళు చికిలించి చూశాడు, ఇంకా అలుక్కుపోయింది. ఇంకేం చేస్తాడు, అడిగాడు.

"ఏరా, కోపం పోయిందా?"

మరక కాసేపు ఆలోచించింది.

"ఇంకా కొంచెం ఉంది బావా," అంది.

రెఫరీ తలూపాడు. వాడు చెప్పింది చెప్పినట్టు నమ్మాడు.